వ్యానుల నిద్రకు రెండో బ్యాటరీ

నాకు బుగులు ఎక్కువ. ఇది ముందుగాల్నే చెప్తున్న. ఎందుకంటే ఈ మధ్య బ్యాటరీ పని నేర్చుకునే పొల్లగాండ్లు వచ్చి, "కాకా, నీ పనిల మర్చిపోలేనిది ఒక్కటి చెప్పు" అని అడుగుతున్నరు. ధైర్యం కథలు చెప్తనని వాళ్ళ ఆశ. నా దగ్గర అసుంటియి లేవు. సిద్దిపేటల మెదక్ రోడ్డు పొంటి ఒక చిన్న షట్టరుల బ్యాటరీలు చార్జింగు పెట్టుకుంట, బండ్ల వైరింగు చేసుకుంట తల నెరిసిందాక బతికిన. షట్టరు దించి ఇంటికి పోతా పోతా, సగం తొవ్వలకెల్లి మల్ల వచ్చి చార్జరు బంద్ చేసిన్నో లేదో చూసుకునేటోన్ని. మా ఇంటామె నన్ను శంకల మనిషి అంటది. అననీ. కరెంటు పని చేసేటోనికి రంది ఉంటేనే మంచిది, అవుతల మంది నిమ్మళంగ ఉంటరు.

ఇప్పుడు మీరు ఫోన్లల్ల వీడియోలు చూసి వ్యాన్లల్ల మంచాలు కొడుతున్నరు, ఫ్యాన్లు, లైట్లు, టీవీలు గూడ పెడుతున్నరు. మంచిదే. నేను షట్టరు వేరేటోళ్ళకు అప్పజెప్పే ముందు పట్టిన ఆఖరు పెద్ద పని గూడ అసుంటిదే. సామాన్ల వ్యానుల మనిషి పండుకునే జాగకు రెండో బ్యాటరీ పెట్టుడు. పని చిన్నది. దాని రంది మాత్రం ఇప్పటికి నా ఛాతిల అట్లనే కూసుని ఉన్నది.

ఆ రోజుల్ల షట్టరుల నా తోటి ఇంకొకాయన ఉంటుండె. బస్సు డిపోల ఎలక్ట్రీషన్ పని చేసి రిటైరైనోడు. ఇంట్ల కూసుంటే పొద్దు పోక నా దగ్గరికొచ్చి పొత్తు కలిసిండు. మా ఇద్దరికి ఎట్ల కుదిరిందంటే, ఏ పని వచ్చినా నేను భయపడుతుంటి, ఆయన తిడుతుండె. బేరానికి వచ్చినోళ్ళల్ల సగం మంది మా ఇద్దరిని చూసే తప్పుకుంటుండ్రి. తప్పుకోనోడు మాత్రం మల్ల మల్ల వస్తుండె.

ఒక పొద్దు ఒక డ్రైవరు, ఆయన భార్య వచ్చిన్రు. చుట్టూ రేకు మూసిన పెద్ద వ్యాను. ఊరి బట్టల సేటు దగ్గర డ్రైవరు ఆయన. చీరల మూటలు, రెడీమేడు మూటలు నాగపూర్ దిక్కు తీస్కపోయి, ఆడికెల్లి వేరే మూటలు తెస్తడు. భారీ మనిషి, మెడ కురుచ. బల్ల మీద కూసోమంటే కూసున్నడు. నేను ఏం పని అని అడిగి ఆయన దిక్కు చూసేవరకు నిద్రపోయిండు. కూసునే, తల ఎనుకకు వాల్చి, నోరు తెరిచి.

ఆమె ఏం ఆగం కాలే, ఇది రోజు ఉండేదే అన్నట్టు చెప్పుడు షురూ చేసింది. బీడీలు చేసి ఇల్లు నడిపేటామె, వేళ్ళ కొసలు నల్లగున్నయి. ఇంట్ల ఉర్దూల మాట్లాడుకుంటరట గాని మాతోని సక్కటి తెలుగు మాట్లాడింది. ఆమె చెప్పింది ఏందంటే, ఈ మనిషికి పండుకున్నప్పుడు గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతదట. ఆగి, ఉలిక్కిపడి, మల్ల మొదలైతదట. రాత్రంత గదే కత. అందుకే ఎంత పండినా నిద్ర పండినట్టు కాదు, పగలు ఎక్కడ కూసుంటే అక్కడ కునుకు పడుతది. మిరుదొడ్డి తొవ్వల స్టీరింగు మీదనే కునుకుపడి, వ్యాను పత్తి చేన్లకు ఎక్కింది. ఎవ్వరికి ఏం కాలే. పట్నం పెద్ద దవాఖానల చూపెడితే ఒక మిషిని ఇచ్చిన్రు. ముక్కుకు మాస్కు పెట్టుకుంటే గాలి నెట్టుతది, గొంతు మూసుకోదు. ప్రతి రాత్రి పెట్టుకోవాలె, ఒక్క రాత్రి గూడ తప్పద్దు అన్నరట.

ఇంట్ల పెట్టుకుంటుండు. గాని ఆయన రాత్రులు ఇంట్ల ఏడ ఉంటయి? మూటలను వదిలి లాడ్జిల పండుకుంటే సేటు ఒప్పడు, దొంగల భయం. సీటు ఎనుక ప్లైవుడ్డు కొట్టి మనిషి పట్టేంత జాగ చేసుకున్నడు, దాన్ల పండుతడు. ఆడ కరెంటు లేదు. సేటు గూడ ఒక మాట తెగేసి చెప్పిండు. ఇంకొక్కసారి కునుకు పడ్డదని తెలిస్తే తాళం ఇచ్చి పొమ్మన్నడు. ఆమె తాళం గురించి అంత రంది పడలే. ఇంకోసారి కునుకు పడితే పత్తి చేను దొరుకుతదన్న గ్యారంటి లేదు గద, ఎదురుంగ లారీ దొరుకొచ్చు.

"చాచా, మిషిని తెల్లారేదాక నడువాలె" అన్నది. "నడిమిట్ల ఆగద్దు. ఆగితే ఆయనకు ఎరుక గాదు."

ఆ ఆఖరు మాట నన్ను పట్టుకున్నది. ఫ్యాను ఆగితే మనిషి లేస్తడు, చెమటకు తిట్టుకుంటడు, తెల్లారి మన షట్టరు కాడికి వచ్చి లొల్లి చేస్తడు. ఇది ఆగితే లేవడు. పొద్దున మంచిగ పండిన అనుకొనే బండెక్కుతడు.

వాళ్ళు పోయినంక మా పాట్నరు పానా బల్ల మీద కొట్టి, ఈ పని పట్టద్దు అన్నడు. పట్టకుంటే వేరేటోడు పడుతడు, వాడు ఇంజను బ్యాటరీకే రెండు వైర్లు గుంజి చేతులు దులుపుకుంటడు అన్న నేను. ఆయన జెర సేపు నన్ను, బల్లను, సేటును, దవాఖానను వరుసగ తిట్టి, కొలతలు తీసుకునేతందుకు లేచిండు.

పని సంగతి రెండు ముక్కలు చెప్త. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని ముట్టద్దు, అది గుంజుకుంటే పొద్దున బండి లేవదు. పండుకునే దిక్కు వేరే బ్యాటరీ. రెండింటి నడుమ ఒక రిలే, ఇంజను నడిచినప్పుడే రెంటిని కలుపుతది, ఇంజను ఆగంగనే విడగొడుతది. లావు వైరు, బ్యాటరీకి దగ్గరల్నే ఫ్యూజు. గంతే. గంతలనే మనిషి పానం ఉంటది, అది వేరే సంగతి.

తకరారు బ్యాటరీ కాడ వచ్చింది. నీళ్ళు పోసే మూతలు లేని, సీలు చేసిన బ్యాటరీ కావాలన్న. సేటు ఇనలే. ఇంట్ల ఇన్వర్టరుకు రెండు బ్యాటరీలు ఉన్నయి, ఒకటి ఉత్తగనే ఉన్నది, కొత్తదే, గిది పెట్టు అని పంపిండు. మూతలు ఉన్న పొడుగు బ్యాటరీ. చార్జింగు నిండే టైముల దాన్లకెల్లి గాలి వస్తది, ఆ గాలి నిప్పు తగిలితే అంటుకుంటది, మనిషి పండే జాగల వద్దు అని చెప్పిన. ఆయన నవ్విండు. మా హాల్ల సోఫా పక్కకే ఉంటది, ఏండ్ల సంది ఏం కాలే అన్నడు. వాళ్ళ హాలుకు నాలుగు దిక్కుల కిటికీలు ఉన్నయని, ఇది మూసిన పెట్టె అని చెప్తే, నువ్వు ఊకె భయపడుతవయ్యా అన్నడు. భయస్తుడని ఒకసారి పేరు పడ్డంక మన మాట ఎవ్వడు ఇనడు, ఇది గూడ మీరు తెలుసుకోవాలె.

మా పాట్నరు గుస్సాతోని సగం పొద్దు షట్టరు దిక్కే రాలే. మల్ల ఆయనే వచ్చి ఆ బ్యాటరీకి ప్లైవుడ్డు పెట్టె సొంతంగ చేసిండు. మంచం కాళ్ళ దిక్కు కిందికి పెట్టినం. ఆ గాలి పైకి లేస్తది గనుక పెట్టె పైభాగంలకెల్లి బండి రేకుకు రెండు బొక్కలు కొట్టి, బయటికి పోయేటట్టు జాలి పెట్టినం. డ్రైవరును పిలిచి, తమ్మీ, ఈ బొక్కలు ఎప్పుడు మూయద్దు, బండి నిలవెట్టి చార్జరు తగిలిచ్చినప్పుడు తలుపు తెరిచి ఉంచాలె అని చెప్పిన. ఆయన తల ఊపిండు. సోయిల ఊపిండో, నిద్రల ఊపిండో నాకు ఇప్పటికి తెల్వదు.

సేటుకు చెప్పి ఆ వారం దూరం పోవుడు ఆపిచ్చినం. చేర్యాలకు, దౌల్తాబాద్‌కు, చుట్టుపక్కల ఊర్లకు మూటలు ఏసుకొని తిరిగిండు. రాత్రి ఇంటి ముంగటనే వ్యానుల పండుతుండె. పొద్దుగాల షట్టరు కాడికి వస్తే నేను మీటరు పెట్టి బ్యాటరీల ఎంత మిగిలిందో చూస్తుంటి. మిషిని తెల్లారేదాక నడుస్తుండె. దాన్ల గాలికి తడి ఇచ్చేతందుకు నీళ్ళు వేడి చేసే తట్ట ఒకటి ఉంటది, అదే కరెంటు ఎక్కువ గుంజుతదని బంద్ చేపిచ్చిన. అయినా నాకు నిమ్మళం లేదు. రాత్రి మంచంల పండి, ఫ్యూజు సక్కగ కూసున్నదా, నట్టు వదులైందా, గుంతల ఎగిరితే వైరు ఊడుతదా అని ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసుకుంటుంటి. మా ఇంటామె, ఆయన మిషిని పెట్టుకొని పండుతుండు, నువ్వు ఏం పెట్టుకొని మెలుకున్నవు అని అడిగింది.

ఒకనాడు పొద్దున డ్రైవరు వచ్చి బల్ల మీద కూసున్నడు. నేను మీటరు తేవడానికి లోపటికి పోయి వచ్చినా కూసునే ఉన్నడు, కండ్లు తెరిచి. తొవ్వల పోయే బండ్లను చూస్తుండు. చాయ్ తెస్తే తాగి, చక్కర తక్కువైందన్నడు. అప్పటిదాక ఆ మనిషి చాయ్ చల్లారినంక తాగేటోడు, చక్కర సంగతి ఏనాడు చెప్పలే. మా పాట్నరు అటు తిరిగి, ఇగ దీన్ని నాగపూర్ పోనియ్యొచ్చు అన్నడు.

బేస్తారం మాపటికి పోవాలని అనుకున్నరు. దగ్గరి తిరుగుళ్ళకు బ్యాటరీ పూర్తి నిండదు, అందుకే ఆ పొద్దుగాల్నే వ్యాను తెచ్చి షట్టరు ముంగట పెట్టి చార్జరు తగిలిచ్చినం. ఎనుక దిక్కు మూటలు నింపి ఉన్నయి. డ్రైవరు భార్య గూడ వచ్చింది. లోపట ఊడ్చి, కొత్త పరుపు వేసి, తెల్ల దుప్పటి పరిచింది. నేను తలుపు తెరిచే ఉంచిన. పక్కకు ఒక ట్రాలీ ఆటో వైరింగు చూసేతందుకు పోయి, దాని స్టీరింగు కిందికి తల పెట్టిన. గప్పుడే రోడ్డు మీద ఇసుక లారీలు వరుసగ పోయినయి. దుమ్ము దుప్పటి మీద పడుతదని ఆమె తలుపు గుంజి మూసింది. అది నేను చూడలే.

మా తొవ్వల ప్రతి బేస్తారం ఒక ఫకీరు బాబా వస్తడు. ఒక చేతుల నిప్పుల కుండ, ఒక చేతుల నెమలీకల కట్ట. నిప్పుల మీద ఊదు చల్లి, ఆ పొగ ప్రతి దుకాణంల చూపెట్టి, నెమలీకలు తల మీద ఆనిచ్చి పోతడు. హిందువులది, ముస్లిములది అని లేదు, పొద్దున బేరం కాకముందే ఆయన ఊదు పడాలని అందరు ఎదురుచూస్తరు. నేను గూడ చూస్తుంటి. ఆ పొగ మాకు ఎంత అలవాటైందంటే, వాసన వచ్చినా తల ఎత్తం.

ఆ దినం గూడ వాసన వచ్చింది, తల ఎత్తలే. తర్వాత వ్యాను తలుపు జారిన సప్పుడు ఇనవడ్డది. తలుపు తెరుచుకునే సప్పుడు ఎందుకు వచ్చింది, తెరిచే ఉండె గద అనుకున్న. గంతల్నే సమజయింది. పొద్దటి సంది చార్జింగు, మూసిన తలుపు, నిప్పుల కుండ. తల స్టీరింగుకు కొట్టుకున్నా సోయి లేకుండ బయటికి ఉరికిన.

ఆమె తలుపు పట్టుకొని నిలవడ్డది. ఆయన పండే జాగకు ఊదు చూపెట్టు బాబా, మొదటి దూర ప్రయాణం అని అడిగిందట. బాబా ఇంకో చిటికెడు ఊదు వేసి, కుండ లోపటికి చాపిండు.

"బాబా, నిప్పు తీయి!" అని ఒర్రిన.

ఆయన నా దిక్కు తిరిగి చెయ్యి సగం ఎనుకకు తీసిండు. గప్పుడే ధబ్ మన్నది. పటాకీ సప్పుడు గాదు, పెద్ద డ్రమ్ము మూత మీద ఒంట్ల బలమంత పెట్టి గుద్దినట్టు. పరుపు ఎగిరింది, పెట్టె మూత పోయి పైకప్పుకు కొట్టింది, తెల్లటి పొగ తలుపులకెల్లి బయటికి వచ్చింది. బాబా రోడ్డు మీద కూలబడ్డడు. కుండ పలిగి నిప్పులు చుట్టూ పడ్డయి. ఆమె తలుపు పట్టుకున్న చెయ్యి తీయలే.

అప్పుడు నా కండ్లు డ్రైవరును దేవులాడినయి. బల్ల మీద లేడు. షట్టరుల లేడు. మాపటి ప్రయాణం గద, జెర సేపు ఒరుగుత అని పొద్దున ఒక మాట అన్నడు. ఏడ ఒరిగిండు? ఆమె దిక్కు చూసిన. ఆమె లోపటి పొగ దిక్కు చూస్తుంది. ఆమెకు గూడ తెల్వదు. ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని లోపటికి చెయ్యి పెట్టిన. దుప్పటి తగిలింది, తడిగున్నది, కింద పరుపు తగిలింది. మనిషి తగుల్తడని ఒకదిక్కు దేవులాడుకుంట, తగులద్దని ఇంకోదిక్కు మొక్కుకుంట చెయ్యి తిప్పుతున్న. చెయ్యి మండుడు షురూ అయింది.

ఎనుకకెల్లి, "ఏమైంది చాచా" అని ఇనవడ్డది. తిరిగి చూస్తే డ్రైవరు. చేతుల చాయ్ గ్లాసుల జాలి. రోడ్డు అవుతలికెల్లి అందరికి చాయ్ తెస్తుండు. నేను ఆయన మీదికి తిట్టుకుంట పోయిన. ఏం తిట్టిన్నో యాదికి లేదు. ఆమె ఆడనే కూసుని ఏడ్చుడు షురూ చేసింది.

మా పాట్నరు గంతల్నే మెయిను బంద్ చేసి, బకెటు తెచ్చి బాబా మొఖం మీద, కండ్లల్ల నీళ్ళు గుమ్మరిస్తుండు. నా చెయ్యి గూడ ముంచమన్నడు. మీరు గుర్తు పెట్టుకోండ్రి, ఆసిడ్ పడితే ముందుగాల నీళ్ళు, నీళ్ళు, ఇంకా నీళ్ళు. తర్వాతనే దవాఖాన. బాబాను ఆటోల కూసోబెట్టి తీస్కపోయినం. కండ్లకు ఏం కాలే. గడ్డం ఒకదిక్కు కమిలింది, అంగీకి బొక్కలు పడ్డయి. దవాఖాన బల్ల మీద కూసుని ఆయన, ఇన్నేండ్ల సంది ఊదు వేస్తున్న బేటా, లోపటికెల్లి జవాబు వచ్చుడు ఇదే మొదటిసారి అన్నడు. నేను ఆయన చెప్పులు సర్ది పెట్టిన.

వాపసు వచ్చేవరకు దుప్పటి, మెత్త చిల్లులు పడ్డయి. ఆసిడ్ పడ్డ కాడల్ల గుడ్డ కరిగి లోపటి పత్తి కనవడుతున్నది. పేలింది కాళ్ళ దిక్కైనా, ఆసిడ్ పైకప్పుకు కొట్టి పడ్డదేమో, మెత్తకే ఎక్కువ పడ్డయి. దాని మీద తల ఉంటే ఏమయ్యేదో.

పలిగిన బ్యాటరీని బయటికి తీస్తుంటే మా పాట్నరు రేకుకు కొట్టిన బొక్కల దిక్కు చూసిండు. రెండింట్ల రెండు చిన్న మెత్తలు కుక్కి ఉన్నయి. గుండ్రంగ కత్తిరిచ్చి, లోపట దూది పెట్టి, చుట్టూ సన్నగ కుట్టినయి. పాత కుర్తా గుడ్డ. అంత సక్కగ పట్టినయంటే గాలి గూడ పోదు.

ఆమె ముంగటికి వచ్చింది.

"దుమ్ము వస్తుండె చాచా. ఊర్ల పొంటి తిరిగి వస్తే మిషిని జాలి నల్లగయితుండె. దుమ్ము ఆయన ఊపిరిల పోవద్దని డాక్టరు అన్నడు" అని చెప్పి, "గందుకే కుట్టిన" అన్నది.

మా పాట్నరు నోరు తెరిచిండు. ఈమె తిట్లకు ఆగుతదా అని నాకు బుగులైంది. ఆయన నోరు మూసుకొని, ఆ రెండు మెత్తలను చేతుల పట్టుకొని చాన సేపు కుట్లు చూసిండు. ఎవరిది తప్పు అంటే ఏం చెప్తం? దుమ్ము రావద్దని మెత్తలు, ఆపద రావద్దని ఊదు, రెండూ ఆయన బాగుండాలని చేసిందే. బొక్కలు ఎందుకున్నయో మేము బండి నడిపేటోనికి చెప్పినం. ఊడ్చేటామెకు చెప్పలే. మా పనిల అదొక రివాజు. బండి మొగోనిది, మాట మొగోనికే. మీరు ఆ రివాజు పెట్టుకోకుండ్రి.

సేటు ఉరికొచ్చిండు. ముందు మూటలు చూసుకున్నడు, వాటికి ఏం కాలే. తర్వాత డ్రైవరును చూసి, నీతోని గాదు తియ్యి, తాళం ఇయ్యి అన్నడు. డ్రైవరు జేబుల చెయ్యి పెట్టిండు. గప్పుడు మా పాట్నరు, గిసుంటి బ్యాటరీనే మీ హాల్ల సోఫా పక్కకు ఉన్నదన్నవు గద అని అడిగిండు. సేటు తిరిగి పలిగిన బ్యాటరీని చూసిండు. ఫోను తీసి ఇంటికి చేసి, కిటికీలన్ని తెరువుండ్రి, అగరుబత్తి ముట్టియ్యద్దు అన్నడు. అటెన్క ఆయన గొంతు మెత్తబడ్డది. సీలు బ్యాటరీ పెట్టుండ్రి, రేపు మాపటివరకు చూస్త, వీడు వ్యానుల పండితే వీడే నాగపూర్ పోతడు, లేకుంటే వేరే డ్రైవరును పెడుత, మూటలు ఆగయి అన్నడు.

ఇప్పుడు అసలు తకరారు మొదలైంది. డ్రైవరు లోపట పండ అన్నడు. భారీ మనిషి, చిన్న పిల్లగాని లెక్క తల అడ్డం తిప్పుతుండు. లారీ ఎదురొస్తే వస్తది గాని, పండుకున్నోని కింద పేలేదాని మీద నేను పండ అన్నడు. ఆయన అన్నదాన్ల తప్పేమున్నది? చిల్లులు పడ్డ మెత్తను నేను గూడ చూసిన్నాయె. నన్ను పండుకో అన్నా పండను. కాని ఆయన పండకుంటే కొలువు పోతది. మిషిని లేకుండ పండితే మనిషి పోతడు.

తెల్లారి శుక్రారం. సీలు బ్యాటరీని లోపట పెట్టనే లేదు. బండి కింద, చాసీకి, డీజిలు ట్యాంకు లేని దిక్కు ఇనుప పెట్టె వెల్డింగు చేపిచ్చి బయట్నే పెట్టినం. లోపటికి రెండు వైర్లే పోయినయి, వాటికి గూడ పైపు తొడిగినం. రేకు బొక్కలను గాలికే ఉంచి, మిషిని దుమ్ము జాలి లాంటి మెత్తటి స్పంజి షీటు బిగిచ్చినం. ఈసారి ఆమెను దగ్గర నిలవెట్టుకొని ఒక్కొక్కటి చెప్పిన. ఇది ఎందుకు, అది ఎందుకు, ఏ వాసన వస్తే తలుపు తెరువాలె. ఆమె మల్ల నాకే అప్పజెప్పింది, నేను మర్చిపోయినది గూడ కలిపి.

నమాజు నుంచి వచ్చి డ్రైవరు వ్యాను ముంగట నిలవడ్డడు. ఎక్కుత లేడు. నేను మొదలు ఎక్కి పండిన. కాళ్ళు చాపి కండ్లు మూసిన. మా పాట్నరు, చాలు తియ్యి, నిజంగ నిద్రపోతవు అని గుంజిండు. గప్పుడు డ్రైవరు ఎక్కిండు. మాస్కు పెట్టుకున్నడు. ఆమె కొత్త మెత్త సర్ది దిగింది. తలుపు ఓరగ ఉంచినం.

మేము ముగ్గురం బయట కూసున్నం. మీటరు తీగలు బ్యాటరీకి తగిలిచ్చి నేను ముల్లు దిక్కు చూస్తున్న. ఆమె ముంగట బీడీల చాట ఉన్నది, ఆకు చేతుల పట్టుకున్నది గాని చుట్టుత లేదు. బేరానికి ఒకడు వస్తే మా పాట్నరు సైగతోని పంపిండు. లోపటికెల్లి సప్పుడు లేదు. మిషిని గాలి సప్పుడు రోడ్డు మోతల ఇనవడదు. జెర సేపయింది. ఇంకా జెర సేపయింది. ముల్లు మంచిగనే ఉన్నది, కరెంటు పోతున్నది. అంటే నడుస్తుంది. అయినా లేచి చూడాలంటే బుగులు, చూడకుండ ఉండాలంటే బుగులు.

ఉన్నట్టుండి ఆమె చాట నెట్టి లేచింది. తలుపు గుంజి, లోపటికి ఒంగి, ఆయన భుజాలు పట్టి ఊపింది. ఆయన ఒక్క ఉదుటున లేచి, మాస్కు పీక్కొని, మల్ల పేలిందా అని అడిగిండు.

"ఏం పేలలే" అన్నది ఆమె. "నీ గురక ఇనవడలే."

ఆయన ఆమెనే చూస్తుండు. నిద్రల నుంచి లేపినందుకు తిట్టబోయి ఆగినట్టున్నది.

"పెండ్లయిన కాడికెల్లి నీ గురక ఆగినప్పుడల్ల లేచి కూసున్న. అది మల్ల మొదలైతేనే పండుకున్న. ఇంట్లయితే మిషిని గాలి సప్పుడన్న ఇనవడుతుండె, ఇయ్యాల మొత్తానికే సప్పుడు లేదు. నువ్వు ఉన్నవో లేవో నాకెట్ల తెలువాలె?"

మేము ఇద్దరం తల వంచుకున్నం. ఇన్ని దినాల సంది నేను నట్ల గురించి, ఫ్యూజుల గురించి పడ్డ రంది ఒక లెక్కల రంది గాదనిపిచ్చింది. ఆమె రాత్రి రాత్రి మెలుకొని, ఒక మనిషి ఊపిరికి కావలి కూసున్నది. పగలు ఆయన కునుకుపాట్లు అందరికి కనవడ్డయి. ఈమె నిద్ర ఏడ పోయిందో ఎవ్వడు అడగలే. నేను గూడ అడగలే.

డ్రైవరు మాస్కు మల్ల పెట్టుకున్నడు. ఒరిగి, ఆమె చెయ్యి పట్టుకొని తన ఛాతి మీద పెట్టుకున్నడు. పట్టపగలు, మెదక్ రోడ్డు మీద, మా అందరి ముంగట. ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకున్నది గాని చెయ్యి తీయలే. తలుపు గడప మీదనే కూసున్నది. మా పాట్నరు అటు తిరిగి చార్జరును ఏదో తిట్టిండు.

కొంచెం సేపటికి గురక మొదలైంది. మిషిని ఆగిందనుకొని ముల్లు చూసిన, మంచిగనే ఉన్నది. లేచి తలుపు కాడికి పోయిన. ఆయన సప్పుడు లేకుండ పండి ఉన్నడు, ఛాతి లేస్తుంది, పడుతుంది. దాని మీద ఆమె చెయ్యి గూడ లేస్తుంది, పడుతుంది. గురక ఆమెది. తల తలుపుకు ఆనిచ్చి, నోరు తెరిచి, ఒళ్ళెరుగకుండ పండుకున్నది.

ఎండ వాలినంక సేటు వచ్చిండు. దూరంకెల్లే మాట్లాడబోతే మా పాట్నరు మూతి మీద వేలు పెట్టిండు. సేటు దగ్గరికి వచ్చి తలుపుల చూసిండు. ఆ ఇద్దరిని చూస్తా కొంచెం సేపు నిలవడ్డడు.

"లేపకుండ్రి" అన్నడు మెల్లగ. "మూటలు పొద్దుగాల పోతయి తియ్యి."